బ్రేకు మాస్టారి పక్కచూపు

మా వీధిలో కారు నడిపేవాళ్లలో ముప్పాతిక మందికి నేర్పింది బ్రేకు మాస్టారే. ఆయన అసలు పేరు లైసెన్సు కాగితాల మీద ఉంటే ఉండొచ్చు, ఎవరూ పిలవగా నేను వినలేదు. నేర్పే కారులో పక్క సీటు కింద కూడా ఒక బ్రేకు ఉంటుంది, నేర్చుకునేవాళ్లు తడబడితే ఆపడానికి. ఇరవై ఆరేళ్లు ఆయన పాదం దాని మీదే ఉంది. ఇంట్లో అన్నానికి కూర్చున్నా, మంగలి కుర్చీలో కూర్చున్నా ఆ కాలు కాస్త ముందుకు చాచే ఉండేది. పక్కన ఎవరైనా తుమ్మితే ఉలిక్కిపడి నేలను తొక్కేవాడు. ఆ పేరు అలా వచ్చింది.

ఆయన కారుకు ఇరవై ఆరేళ్లలో ఒక్క గీత పడలేదు. అది ఆయన గొప్ప. "అద్దం చూడు, పక్క చూడు, మళ్లీ అద్దం చూడు. ఎదురుగా ఉన్నది గుడ్డివాడికి కూడా తెలుస్తుంది, పక్కనుంచి వచ్చేదాన్ని పసిగట్టేవాడే డ్రైవరు" అనేవాడు. రోజుకు ఒక ఇరవై సార్లైనా అనేవాడు.

నేను మందుల షాపు నడుపుతాను. నలభై ఏడేళ్లకు కారు నేర్చుకోవాలని నాకు బుద్ధి పుట్టింది. ఆయన నన్ను "మందులమ్మా" అని పిలిచేవాడు. ఇప్పుడు చెప్పబోయేదాంట్లో కొంత నా కళ్లముందే జరిగింది. మిగతాది మాస్టారు చెప్పాడు, ఆయన చెల్లెలు చెప్పింది. ఇద్దరి మాటకూ తేడా వచ్చినచోట చెల్లెలి మాటే తీసుకున్నాను. అలా తీసుకోమని మాస్టారే అన్నాడు.

మాస్టారి భార్య పోయి ఎనిమిదేళ్లయింది. పిల్లలు లేరు. ఇంట్లో ఆయనా, ఆయనకంటే ఐదేళ్లు చిన్నదైన చెల్లెలూ ఉంటారు. ఆవిడ పెళ్లి చేసుకోలేదు. "చేసుకోమని మా అన్నయ్య అడగలేదు, అడిగినా చేసుకునేదాన్ని కాదు, లెక్క సరిపోయింది" అని నవ్వేది. ముందుగదిలో రఫ్ఫు పని చేస్తుంది. కోటుకు నిప్పురవ్వ పడి చిల్లు పడినా, చీర మేకుకు తగిలి చిరిగినా, అదే బట్టలోంచి పోగులు లాగి, పోగులో పోగు కలిపి అల్లేస్తుంది. పని అయ్యాక చిరుగు ఎక్కడుందో చూపించమని బట్ట తెచ్చినవాళ్లకే పందెం వేస్తుంది. ఎవరూ గెలవగా నేను చూడలేదు. కళ్లజోడు లేదు. నల్ల గుడ్డ మీద నల్ల దారం. వీధిలో పిల్లలు సూదత్త అని పిలిచేవాళ్లు.

మాస్టారి కథ మాత్రం కళ్లజోడుతోనే మొదలైంది. పేపరు చదవడానికి జోడు మార్పించుకుందామని కంటి ఆసుపత్రికి వెళ్లాడు. అక్కడ కంట్లో ఒత్తిడి కొలిచి, వెనక నరం చూసి, గ్లకోమా అన్నారు. పెద్దవాళ్లు నీటికాసులు అనేవాళ్లే, అది. నొప్పి ఉండదు, ఎరుపు ఉండదు. చూపు అంచులనుంచి తినుకుంటూ వస్తుంది. మధ్యచూపు చివరిదాకా బాగానే ఉంటుంది కాబట్టి మనిషికి తెలియదు. మాస్టారి ఎడమకంట్లో అప్పటికే చాలా భాగం పోయింది, బయటి అంచు కూడా పలచబడుతోంది. కుడికన్ను బాగుంది.

"ఎప్పటినుంచి ఉంది?" అని అడిగాడట డాక్టర్ని.

"మీరే చెప్పాలి. పక్కనుంచి వచ్చేవి ఎప్పటినుంచి కనబడట్లేదు?"

ఆ ప్రశ్నకు తల కొట్టేసినట్టయింది ఆయనకు. ఊరందరికీ పక్కచూపు నేర్పిన మనిషి. ఇంటికొచ్చి చెల్లెలికి చెప్పలేదు. చుక్కల మందు చూసి ఆవిడ అడిగితే, కళ్లు పొడిబారుతున్నాయట అన్నాడు. ఆ మందు మా షాపులోనే కొనేవాడు. అది దేనికి వేసే మందో నాకు తెలుసు. తెలిసీ ఆయన పక్కన కూర్చుని స్టీరింగు పట్టుకున్నాను. ఎంతోమంది వేసుకుంటారు, నడుపుతారు, నాకెందుకు అనుకున్నాను. నా వంతు సిగ్గు కూడా ఇక్కడే చెప్పేస్తున్నాను, తర్వాత మర్చిపోయినట్టు నటించకుండా.

చూపు ఎంత మేర ఉందో కొలిచే పరీక్ష ఒకటుంది. ఆసుపత్రిలో పెద్ద యంత్రానికి గడ్డం ఆనించి కూర్చోవాలి. మధ్య చుక్కనే చూస్తూ ఉండాలి, చుట్టూ ఎక్కడ వెలుగు మెరిసినా మీట నొక్కాలి. మాస్టారు అక్కడ కూర్చున్న ప్రతిసారీ మెడ పట్టేసి, చెమట పోసి, పరీక్ష మధ్యలో ఆపించేవాడు. అందుకని ఇంట్లో చేసుకునే వీఆర్ హెడ్‌సెట్ ఇచ్చారు. మూడు నెలలపాటు రెండు వారాలకోసారి చేయాలి. ఫలితం ఇంటర్నెట్టులో దానంతటదే ఆసుపత్రికి చేరుతుంది. వాడే పద్ధతి ఒక టెక్నీషియన్ అమ్మాయి గంటసేపు కూర్చోబెట్టి నేర్పింది. కళ్లకు పెద్ద నల్ల పెట్టె కట్టుకున్నట్టుంటుంది. లోపల బూడిదరంగు ఆకాశం, మధ్యలో ఒక చుక్క, చెవిలో ఒక ఆడగొంతు.

ఈ రిపోర్టుల మీద ఇంకో సంగతి ఆధారపడి ఉంది. డ్రైవింగు నేర్పేవాళ్లు ఐదేళ్లకోసారి లైసెన్సు పొడిగించుకోవాలి. దానికి కళ్లడాక్టరు సంతకం కావాలి. మాస్టారి గడువు నాలుగు నెలల్లో ఉంది.

మొదటిసారి గది తలుపు వేసుకుని హెడ్‌సెట్ పెట్టుకున్నాడు. ఎడమకన్ను మొదలైంది. కాసేపు వెలుగులు వచ్చాయి. తర్వాత రావడం మానేశాయి. చుక్క, బూడిదరంగు, ఇంకేం లేదు. యంత్రం పనిచేస్తూనే ఉందని తెలుసు, సన్నగా శబ్దం వస్తోంది. అంటే వెలుగులు వస్తున్నాయి, ఈయనకే కనబడట్లేదు. ఆ శబ్దాన్ని బట్టి ఊహించి నొక్కడం మొదలుపెట్టాడు. చెవిలో ఆడగొంతు మర్యాదగా అంది: "వెలుగు కనిపించినప్పుడు మాత్రమే నొక్కండి." కాసేపటికి మళ్లీ అంది. మూడోసారి, పరీక్ష చెల్లదు, మళ్లీ మొదటినుంచి చేయమంది.

"మందులమ్మా, కాపీ కొడుతూ దొరికిపోయిన పిల్లాడిలా కూర్చున్నాను. ఆ గదిలో నేను తప్ప ఎవరూ లేరు. అయినా చెవులు కాలిపోయాయి" అన్నాడు తర్వాత నాతో.

రెండోసారి నిజాయితీగానే చేశాడు. ఫోనులో బొమ్మ వచ్చింది. ఎడమకన్ను గుండ్రంలో సగానికి పైగా నల్లగా కమ్ముకుంది. ఈ బొమ్మ చూసి సంతకం పెట్టే డాక్టరు ఉండడని ఆయనకు అర్థమైంది.

తర్వాతి పరీక్ష ఒక ఆదివారం వచ్చింది. చెల్లెలు పని ముగించి, ముందుగదిలో దారపు ఉండలు సర్దుకుంటోంది. మాస్టారు హెడ్‌సెట్ పట్టుకుని వచ్చాడు.

"ఏయ్, ఒకసారి ఇలా కూర్చో. ఒక ఆట చూపిస్తాను."

"ఆటలాడే వయసా అన్నయ్యా మనది? ఏంటా డబ్బా?"

"మా డ్రైవింగు స్కూలువాళ్లు కొత్తగా తెప్పించారు, నేర్చుకునేవాళ్ల కోసం. మధ్యలో చుక్క ఉంటుంది. దాన్నే చూస్తూ ఉండాలి. పక్కన ఎక్కడ మెరిసినా ఈ మీట నొక్కాలి. ఎన్ని పట్టుకుంటే అన్ని మార్కులు."

"ఓడిపోతే?"

"గద్దకళ్లదానివి, నువ్వు ఓడిపోవడమేంటి?"

ఆవిడ మురిసిపోయింది. జుట్టు వెనక్కి లాగి కట్టుకుని, పెట్టించుకుంది. ఎడమకన్ను నాలుగు నిమిషాలు. మీట టకటకా కొట్టేసింది, మధ్యమధ్య నవ్వుతూ. కుడికన్ను మొదలయ్యాక కాసేపటికి, "ఏంటన్నయ్యా, ఆట ఆగిపోయిందా? ఏం రావట్లేదు" అంది.

"వస్తాయిలే, కదలకు" అన్నాడు మాస్టారు. ఆవిడ మాట ఆయన చెవిలో పడింది కానీ బుర్రకెక్కలేదు. ఆయన మనసంతా ఎడమకన్ను నాలుగు నిమిషాల మీదే ఉంది.

తీశాక ఆవిడ కళ్లు నులుముకుని, "ఎన్ని మార్కులు?" అంది.

"ఫస్టు క్లాసు."

ఆ సాయంత్రం ఆవిడ మా షాపుకొచ్చి, ఏదో తలనొప్పి బిళ్ల కొంటూ నాకూ చెప్పింది: "కంప్యూటరుతో పందెం వేసి గెలిచాను తెలుసా? ఫస్టు క్లాసట!" మా వీధిలో ఎంతమందికి చెప్పిందో.

మర్నాడు మాస్టారు ప్రాక్టీసు మైదానంలో ఉండగా టెక్నీషియన్ అమ్మాయి ఫోను చేసింది.

"సార్, మీ లెఫ్టు చాలా బాగా వచ్చింది, మేమే ఆశ్చర్యపోయాం. కానీ రైటులో పైభాగమంతా నల్లగా ఉంది సార్. పోయినసారి శుభ్రంగా ఉంది. రెండు వారాల్లో ఇంతలా మారదు. మీకేమైనా తేడాగా అనిపించిందా?"

మైదానంలో ఎవరో నేర్చుకునే అమ్మాయి డబ్బాల మధ్య కారు వెనక్కి తీస్తోంది. మాస్టారు అటే చూస్తూ నిలబడిపోయాడు. అది తన కుడికన్ను కాదు. అది ఎవరి కన్నో ఆయన ఒక్కడికే తెలుసు.

"సార్, ఉన్నారా?"

"పట్టీ వదులై పెట్టె కిందికి జారిందమ్మా. అందుకే అయుంటుంది."

"అయ్యో, బిగించడం నేనే సరిగ్గా చూపించలేదేమో సార్. అయితే ఈ రిపోర్టు కొట్టేస్తాను. రేపు మళ్లీ ఒకసారి చేస్తారా?"

"కొట్టెయ్యమ్మా" అన్నాడు.

నాతో చెప్పినప్పుడు ఈ మాట రెండుసార్లు చెప్పాడు. "ఆట అని అబద్ధం చెప్పడం ఒక ఎత్తు. దాన్ని ఎలాగోలా కప్పిపుచ్చుకోవచ్చు. కొట్టెయ్యమన్నాను చూడు, దానికి పేరు లేదు. మా చెల్లి కంటి సంగతి లోకంలో ఒక్కచోట రాసి ఉంది. అదీ నా నోటితో చెరిపించాను."

మర్నాడు తనే పెట్టుకుని చేశాడు. పాత బొమ్మే వచ్చింది. వచ్చి కలవమని డాక్టరు రెండుసార్లు కబురు పెట్టించాడు. వెళ్లలేదు. లైసెన్సు గడువు ఉన్నన్నాళ్లూ నేర్పుదాం, తర్వాత చూద్దాం అనుకున్నాడు. కానీ ఇంట్లో చెల్లెలి ముఖం చూడటానికి ముఖం చెల్లేది కాదు. తేలు కుట్టిన దొంగలా తిరిగేవాడు. ఆవిడ సూదిలో దారం ఎక్కించడం రోజూ గమనించేవాడు. ఒక్క గుచ్చుతో ఎక్కేది. ఆ రిపోర్టే తప్పేమో, నిజంగానే పట్టీ వదులైందేమో అని తను ఆడిన అబద్ధాన్ని తనే నమ్మడానికి చూసేవాడు. అంతలో వంటింట్లో ధన్‌మని చప్పుడయ్యేది. కుడిపక్క అలమర తలుపు తీసి ఉంటే ఆవిడ నుదురు దానికి కొట్టుకునేది. "ఈ తలుపు నామీద పగబట్టిందన్నయ్యా, ఎప్పుడు చూసినా తలకే తగులుతుంది" అనేది, నుదురు రుద్దుకుంటూ. నుదుటి మీద కుడివైపు మాయని మచ్చ ఒకటి అప్పటికే ఉంది. అది ఏడాదినుంచీ ఉందని, తను ఏడాదినుంచీ చూస్తూనే ఉన్నాడని ఆయనకు అప్పుడు గుర్తొచ్చింది.

చెప్పకుండా పని జరిపించాలని చూశాడు.

"కళ్ల పరీక్ష చేయించుకోరాదూ? యాభై దగ్గర పడుతోంది కదా."

"నా కళ్లకేం? ఫస్టు క్లాసని నువ్వేగా చెప్పావు!"

ఆవిడకు ఆసుపత్రికి వెళ్లనక్కర్లేదని హామీ ఇచ్చింది ఆయన అబద్ధమే. ఇంకోసారి ఎత్తితే, "నీకేమైనా అయితే నువ్వు చూపించుకో, నన్ను తోడు తీసుకెళ్లడానికి ఈ వంక ఎందుకు?" అంది. తోడు రమ్మన్నా సరిపోయేది. కానీ తోడొస్తే తన జబ్బు బయటపడుతుంది. ఊరుకున్నాడు.

ఆ ఫోను వచ్చిన ఇరవై మూడో రోజున నాకు క్లాసు ఉంది. పొద్దున తొమ్మిదిన్నర. వాన కురిసి వెలిసింది, రోడ్డు తడిగా ఉంది. సందు చివర ఎడమకు తిరగాలి. నేను కొత్తదాన్ని కాబట్టి అక్కడ ఆగి ఆయన మాట కోసం చూశాను. ఆయన ఎడమకు తిరిగి చూశాడు. నిజంగానే చూశాడు, నేను సాక్ష్యం చెబుతాను.

"పో, ఖాళీయే" అన్నాడు.

కదిలించాను. మరుక్షణం సైకిలు హ్యాండిలు ఒకటి, దాని మీద ముడతలు పడ్డ చెయ్యి ఒకటి కనిపించాయి. బ్రేకు తొక్కింది నేను. ఆయన పాదం కదలలేదు. కారు ముందుభాగం సైకిలు వెనక చక్రానికి తగిలి ఆగింది. సైకిలు మీది పెద్దాయన ఒక పక్కకు ఒరిగి, అరచేతుల మీద పడ్డాడు.

దిగి లేపాం. అరచేతులు రెండూ చీరుకుపోయాయి, ఎముకలకేం కాలేదు. ఒక గిడ్డంగికి కాపలా ఉండే మనిషట, డ్యూటీ దిగి ఇంటికి పోతున్నాడు. ఈలోపు ఇస్త్రీ షాపు అతను, పక్కింటివాళ్లు చేరారు. కారు ఎవరిదో చూశారు. అంతే, పెద్దాయన మీద పడ్డారు.

"మాస్టారి కారుకు అడ్డమొస్తావా? కళ్లు నెత్తిమీద పెట్టుకున్నావా?"

"ఇరవై ఆరేళ్లలో ఈ కారు ఒక్కరికి తగల్లేదయ్యా. నీదే తప్పయుంటుంది."

పెద్దాయన రక్తం కారుతున్న చేతులు చొక్కాకు తుడుచుకుంటూ, "నాదే బాబూ, నాదే. బెల్లు కొట్టాల్సింది" అన్నాడు.

మాస్టారు నోరు తెరిచాడు. నీళ్లు నమిలాడు. నేను కూడా ఏమీ అనలేదు. ఇస్త్రీ అతను మాస్టారి భుజం తట్టి, "మీరు కంగారుపడకండి, మేం చూసుకుంటాం" అన్నాడు. నేను పెద్దాయన్ని మా షాపుకు తీసుకెళ్లి కట్టు కట్టాను. మాస్టారు గుమ్మం దగ్గర నిలబడి చూశాడు. పెద్దాయన వెళ్తూ వెళ్తూ మాస్టారికి నమస్కారం పెట్టాడు.

అది ఆయనకు తట్టుకోలేని దెబ్బయింది. షాపులో బల్ల మీద కూర్చుని మొత్తం చెప్పేశాడు. ఎడమకన్ను, హెడ్‌సెట్, ఆట, ఫోను, అన్నీ. చెబుతున్నంతసేపూ నా వైపు చూడలేదు, కాలు మాత్రం నేలను నొక్కుతూనే ఉంది.

నాకు ముందు జాలేసింది, తర్వాత ఒళ్లు మండింది. "మాస్టారూ, మీ కన్ను మీ ఇష్టం. ఆవిడ కన్ను ఏం పాపం చేసింది? ఎన్ని రోజులైంది?"

"ఇరవై మూడు."

"ఈ మందు మొదటిరోజునుంచి వేసుకోవాలని మీకు తెలియదా? పోయింది తిరిగి రాదని డాక్టరు మీకు చెప్పలేదా?"

"చెప్పాడు."

"మరి?"

"అది నన్ను అన్నయ్యా అని పిలుస్తుందమ్మా. ఆ పిలుపు మారిపోతుందేమోనని" అన్నాడు. వెంటనే తల అడ్డంగా ఊపాడు. "కాదు. అది కూడా బాగా కనబడాలని చెబుతున్న మాటే. నా లైసెన్సు పోతుందని. అంతే."

ఇంటికి ఒక్కడే వెళ్లాడు, నన్ను రావద్దన్నాడు. ఆ తర్వాతది చెల్లెలు చెప్పింది.

ఆవిడ ఒడిలో ఎవరిదో ఉన్ని కోటు ఉంది, మోచేతి దగ్గర చిల్లు. అన్న వచ్చి కుర్చీలో కూర్చోకుండా గుమ్మంలోనే నేల మీద చతికిలబడ్డాడు. చెప్పడం మొదలుపెట్టాక ఆవిడ సూది ఆగలేదు. కుడికన్ను సంగతి వచ్చినచోట ఆగింది. అరచేత్తో ఎడమకన్ను మూసుకుంది. గది చుట్టూ చూసింది. గడియారం, తలుపు పైనున్న అరలు, దారపు ఉండలు. మూసిన చెయ్యి తీసి, మళ్లీ మూసి, మళ్లీ చూసింది. గడియారాన్ని సూటిగా చూస్తే ఉంది. అన్న ముఖం చూస్తూ ఉంటే గడియారం లేదు. అక్కడ గోడే ఉంది, నున్నగా, ఏమీ చెదరకుండా.

"ఆట అన్నావు" అంది.

"అవును."

"ఫస్టు క్లాసన్నావు."

ఆయన తలెత్తలేదు.

"వీధంతా చెప్పుకున్నాను అన్నయ్యా. మందులమ్మకు కూడా చెప్పాను. అందరూ నవ్వుకునుంటారు."

"ఎవరికీ తెలియదు. నీ గురించి ఎవరూ..."

"ఒక్కటి చెప్పు. ఆట అని ఎందుకన్నావు? నా కన్ను పాడైపోతోంది, నా ఉద్యోగం పోతుంది, నా బదులు కూర్చో అంటే కూర్చునేదాన్ని కాదా? తప్పని తెలిసీ కూర్చునేదాన్ని. నీకోసం ఆ మాత్రం అబద్ధమాడలేననుకున్నావా? నన్ను అడగడానికి కూడా పనికిరానిదాన్ని చేశావు."

తిట్లకు సిద్ధపడి వెళ్లాడాయన. ఈ మాటకు సిద్ధంగా లేడు. ఏడ్చాడు. ఆవిడ ఓదార్చలేదు. కోటు మడిచి పక్కన పెట్టి, చెప్పులు వేసుకుని, "పద, ఆసుపత్రి మూసేలోపు వెళ్దాం" అంది.

ఆసుపత్రిలో మాస్టారు ముందు టెక్నీషియన్ అమ్మాయికి చెప్పాడు. ఆ పిల్ల ఒక రిజిస్టరు తీసి చూపించింది. ఆ రిపోర్టు పక్కన, వాడకం సరిగ్గా నేర్పకపోవడం వల్ల పరీక్ష చెల్లలేదని, తప్పు తనదేనని అప్పుడే రాసి సంతకం చేసి ఉంది. "నెలవారీ మీటింగులో నన్ను నిలబెట్టి అడిగారు సార్. నేర్పడం రాదా అని" అంది మెల్లిగా. మాస్టారు ఆ అమ్మాయికి చేతులు జోడించాడు. అలా చేయొద్దని ఆ పిల్ల వెనక్కి జరిగింది.

కొట్టేసిన రిపోర్టును డాక్టరు మళ్లీ తెరిచాడు. చెల్లెల్ని పెద్ద యంత్రం ముందు కూర్చోబెట్టారు. కుడికంటి పైభాగం అచ్చు అలాగే నల్లగా వచ్చింది. ఆవిడకూ గ్లకోమాయే. అన్నకు ఉంటే తోబుట్టువులకూ వచ్చే అవకాశం ఎక్కువని, మొదటిరోజే ఇంట్లో అందర్నీ తీసుకురమ్మని చెప్పానని డాక్టరు అన్నాడు. చెప్పాడు కూడా. మాస్టారికి ఆ మాట గుర్తుంది.

"మరి నాకు ఎక్కడా నలుపు కనబడదేం? చిల్లుంటే చిల్లు తెలియాలి కదా?" అని చెల్లెలు అడిగింది.

"మెదడు ఊరుకోదమ్మా. చుట్టుపక్కల ఏముందో అదే తెచ్చి అక్కడ నింపేస్తుంది. గోడుంటే గోడ, ఆకాశముంటే ఆకాశం."

"రఫ్ఫు పనన్నమాట" అంది ఆవిడ. డాక్టరుకు అర్థం కాలేదు. ఆవిడ విడమరచలేదు.

మాస్టారు అడగాల్సింది అడిగాడు. ఆ ఇరవై మూడు రోజుల్లో ఎంత పోయింది?

"చెప్పలేను. ఏమీ పోలేదని కూడా చెప్పలేను" అన్నాడు డాక్టరు. మాస్టారు ఇప్పటికీ ఆ రెండు వాక్యాలనూ ఆ వరసలోనే చెబుతాడు.

మర్నాడు ఆయన డ్రైవింగు స్కూలుకు వెళ్లి కారు తాళాలు ఇచ్చేశాడు. యజమాని కారణం అడిగితే కంటిచూపు అని చెప్పి ఊరుకోవచ్చు. ఊరుకోలేదు, సైకిలు పెద్దాయన సంగతి కూడా చెప్పాడు. యజమాని కాసేపు తిట్టి, తర్వాత రోడ్డు గుర్తుల క్లాసు చెప్పమన్నాడు. గదిలో బోర్డు ముందు నిలబడి చెప్పే పని. ఒప్పుకున్నాడు. మొదటి క్లాసులోనే ఒక కాలేజీ అమ్మాయి, "మీరు కారులో నేర్పరా సార్? మా నాన్నకు మీరే నేర్పారట" అంది. "నాకు ఎడమపక్క కనబడదమ్మా. కనబడదని దాచి ఒకాయన్ని పడేశాను" అన్నాడు. క్లాసులో ఎవరో కిసుక్కున నవ్వారు, హాస్యమాడుతున్నాడనుకుని. ఇంకెవరూ నవ్వకపోయేసరికి ఆ నవ్విన మనిషి కూడా తలదించుకున్నాడు.

మాస్టారు కాపలా పెద్దాయన ఇల్లు వెతుక్కుంటూ వెళ్లాడు. అరచేతులు మానుతున్నాయి. "నా తప్పని ఆ రోజే చెప్పాల్సింది, అందరూ మిమ్మల్ని అంటుంటే నోరు మూసుకున్నాను" అన్నాడట. పెద్దాయనకు ఏం చెయ్యాలో పాలుపోక, "ఇంత దూరం ఎందుకొచ్చారు, కబురు పెడితే నేనే వచ్చేవాణ్ని కదా" అన్నాడు. క్షమించమని అడగడానికి వెళ్తే ఎదుటిమనిషే ఇబ్బందిపడిపోయాడు. ఇస్త్రీ షాపు అతనికి కూడా నిజం చెప్పాడు. అతను నమ్మలేదు. పెద్దమనిషి గొప్పతనం అలాంటిది, తప్పు తన మీదేసుకుంటున్నాడు అని వీధిలో ప్రచారం చేశాడు. ఆ పొగడ్త మాస్టారి చెవిన పడ్డప్పుడల్లా ఆయన ముఖం చూడాలి.

ఇంట్లో మాత్రం ఎవరూ పొగడలేదు. చెల్లెలు పిలుపు మార్చలేదు, అన్నయ్యా అనే అంటుంది. అన్నం పెడుతుంది. మొదటి నలభై రోజులూ అవసరమైన మాట తప్ప మాట్లాడలేదు. ఇప్పుడు మాట్లాడుతుంది. అలమర తలుపు తీసేయించింది, అర మాత్రమే ఉంది. నల్ల గుడ్డ మీద నల్ల దారం పని తగ్గించుకుంది, చెయ్యలేక కాదు, ముందుజాగ్రత్తకు. ఆసుపత్రివాళ్లు ఆవిడ పేరు మీద ఇంకో హెడ్‌సెట్ ఇచ్చారు. ఆవిడ పరీక్ష చేసుకునేటప్పుడు మాస్టారు ఇంట్లో ఉండడు. ఆవిడ వెళ్లమనలేదు. తనే లేచి వీధి చివరిదాకా నడిచొస్తాడు.

నేను వేరే ఆయన దగ్గర కారు నేర్చుకుని లైసెన్సు తెచ్చుకున్నాను. అన్నాచెల్లెళ్లిద్దరికీ ఒకే చుక్కల మందు. ఉండేది ఒకే ఇంట్లో. అయినా నెలకోసారి ఆయన ఒకరోజు వచ్చి తనది కొనుక్కుంటాడు, ఆవిడ ఇంకోరోజు వచ్చి తనది కొనుక్కుంటుంది. ఒకరోజు ఉండబట్టలేక ఆవిడనే అడిగాను, ఇంకా కోపం పోలేదా అని.

"కోపం ఎప్పుడో పోయింది మందులమ్మా. తోడబుట్టినవాడి మీద ఎంతకాలం ఉంటుంది?" అంది, సీసా మీద తేదీ చదువుకుంటూ. "కానీ మొన్న బయట వాన పడుతోందని చెప్పాడు. సరే అని తలూపాను. ఆయన అటు వెళ్లగానే లేచి, కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి చూసుకున్నాను. వాన పడుతోంది. నాకెంత సిగ్గేసిందో చెప్పలేను."

సీసా సంచిలో వేసుకుని, చిల్లర కోసం చెయ్యి చాపింది.